బొత్తాం నొక్కేది ఎవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో రామతీర్థం నుంచి నెల్లిమర్ల దాకా ఏ ఇంటికెళ్లినా ఒకటే ప్రశ్న: "మా గుంటడికి ఏ గ్రూపు ఇప్పించమంటారు మేష్టారూ?" ఆ సరికే కాలేజీల పీఆర్వోలు రంగు కాగితాలు పట్టుకుని అరుగెక్కి కూర్చుని ఉంటారు. ఎంపీసీయా, బైపీసీయా, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్కా, మార్కులు బాగా వస్తే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీయా, పోనీ ఐటీఐలో ఏదైనా ట్రేడా అన్నది పది పదిహేను రోజుల్లో తేలిపోవాలి. పదేళ్లు చదివిన పిల్లలకు మనమిచ్చే గడువు అంతే.

ఇప్పుడు ఈ పనికి ఫోన్ సాయం వచ్చింది. యూనిసెఫ్ తోడ్పాటుతో ఏపీ కెరీర్ పోర్టల్ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లది 'మై కెరీర్ అడ్వైజర్' యాప్ ఉంది. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఏ పనిలో నేర్పు ఉందో చూసుకోవడానికి సీబీఎస్ఈ 'తమన్నా' అనే పరీక్ష పెట్టింది. ఇవి కాక, ఊళ్లో కంప్యూటర్ చదువుకున్న కుర్రాళ్లో, బడిలో హుషారైన మేష్టారో సొంతంగా ఒకటి తయారు చేస్తామని ముందుకు రావచ్చు, వస్తే మంచిదే. వీటిని నేను తీసిపారేయను, నెత్తిన పెట్టుకోను. అమ్మానాన్నలకు చెప్పేది ఒక్కటే. యాప్ ఏం చెప్పిందని అడిగే ముందు, అందులో జవాబులు ఎవరు నొక్కారో చూడండి.

చాలా ఇళ్లలో ఫోన్ నాన్నది, పట్టుకునేది అమ్మ, ప్రశ్న చదివేది అన్నయ్య. "యంత్రాలు విప్పి చూడటం నీకు ఇష్టమా?" అని అన్నయ్య హుషారుగా చదువుతాడు. "పాటలు, నాట్యం ఇష్టమా?" అన్న చోటికి వచ్చేసరికి గొంతు చప్పబడిపోతుంది. పిల్ల ప్రశ్నను కాదు, ఆ గొంతును వింటుంది. "సరే, అవునని పెట్టు" అంటుంది. ప్రశ్నలన్నీ అయ్యాక తెర మీద తేలేది అన్నయ్య మనసు, పైన పేరు మాత్రం చెల్లిది. చూపు బాగున్న పిల్లయితే ఫోన్ లాక్కుని తనే చదువుకుంటుంది. చూపు తక్కువైన పిల్లకో, చేతులు వణికే పిల్లాడికో, అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లాడికో ఆ వీలు లేదు. ఎవరో ఒకరు చదివి పెట్టాలి, ఎవరో ఒకరు నొక్కి పెట్టాలి. అందరికీ అందేలా యాప్ కట్టమని అడగడం వాళ్ల మీద జాలితో కాదు. ఆ జవాబు వాళ్లదే కావాలి కాబట్టి.

ఇందులో మన జిల్లాకు నూరేళ్లు దాటిన అనుభవం ఉంది. చాగంటి జోగారావు అనే ఆయన, చూపు లేని తన కుమారుడిని ఎక్కడికైనా పంపి సంగీతం చెప్పించమని విజయనగరం రాజా పూసపాటి విజయరామ గజపతిరాజును కోరారు. రాజావారు ఒక్క పిల్లవాడికి ఖర్చిచ్చి ఊరుకోలేదు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాలే పెట్టేశారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు తక్కువే, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన ఆ తలుపులోంచే తర్వాత ఘంటసాల వెళ్లారు, పి. సుశీల వెళ్లారు. యాప్ కడతామని వచ్చే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఎక్కువ ఇబ్బంది ఉన్న పిల్లని మనసులో పెట్టుకుని కడితే, తెలుగు తడుముకుంటూ చదివే పిల్లకీ, కళ్లద్దాలు ఇంట్లో మరిచిన నాన్నకీ అదే పనికొస్తుంది.

అయితే ఆ కథలో ఒక చిక్కుంది. చూపు లేదంటే సంగీతమే అనే అలవాటు మనలో పాతుకుపోయింది. యాప్ కూడా అదే అలవాటు పడితే ప్రమాదం. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటానంటే, చూపు లేనివాళ్లకు ఆ గ్రూపు ఇవ్వమన్నారు. కోర్టుకెళ్లి గెలిచి చేరాడు. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకుని, తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. కాబట్టి యాప్ మొదట్లోనే "మీకు వైకల్యం ఉందా?" అని అడిగి, అవునంటే సగం దారులు దాచేసేదైతే దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. ఏ సాయం కావాలో అడగొచ్చు. ఏది కుదరదో ముందే తేల్చే హక్కు దానికి లేదు.

ఒక సాయంత్రం మీరే పరీక్షించండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. అప్పటి నుంచి వేలు ఆనించిన చోట ఏముందో ఫోన్ పైకి చదువుతుంది. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. ఆపేటప్పుడూ అంతే, కంగారు పడకండి. ఇక కళ్లు మూసుకుని యాప్‌లో వేలు నడపండి. "డాక్టర్, నర్సు, ఎలక్ట్రీషియన్" అని వినిపిస్తే కట్టినవాళ్లు ఆలోచించి కట్టారు. "బటన్... బటన్... బటన్" అని మాత్రమే వినిపిస్తే బొమ్మలకు పేర్లు పెట్టలేదు. చూపు లేని పిల్లకి ఆ తెర మొత్తం ఒకటే గోడ.

తర్వాత టాక్‌బ్యాక్ ఆపేసి, అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టి చూడండి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా జాగా వదిలి కట్టిన యాప్‌లలో మన వత్తులు కింద తెగిపోతాయి. లెక్కలు 'లెకలు' అవుతాయి, అత్త 'అత' అవుతుంది. అసలే తడబడే పిల్ల అక్కడ ఆగిపోయి, తనకే చదవడం రాదనుకుంటుంది. తప్పొప్పులను ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే చూపించడం, కింద మాటలు లేని వీడియోలు పెట్టడం కూడా ఇలాంటివే. ప్రశ్నల భాష కూడా చూడండి. "సమస్యా పరిష్కారంలో సృజనాత్మకతను ప్రదర్శించుటకు ఇష్టపడతారా?" అంటే మన ఎనిమిదో తరగతి పిల్లకి ఏం బోధపడుతుంది? "ఇంట్లో ఫ్యాను ఆగిపోతే విప్పి చూడాలనిపిస్తుందా?" అంటే చటుక్కున చెబుతుంది.

ఇక ఓటీపీ. దీని గురించి యాప్‌లు కట్టేవాళ్లెవరూ ఆలోచించరు. బడి రికార్డులో ఉన్న నంబర్ నాన్నది, నాన్నేమో పనికి హైదరాబాద్‌లో ఉంటాడు. పిల్ల ఇక్కడ లాగిన్ అయితే ఓటీపీ అక్కడ మోగుతుంది. ఆయన చూసుకుని ఫోన్ చేసి చెప్పేలోగా గడువు అయిపోతుంది. బడి ఇచ్చే ఒక చిన్న కోడ్‌తో తెరుచుకుని, సిగ్నల్ పోయినా చేసినంత వరకు దాచిపెట్టి, మర్నాడు అక్కడి నుంచే సాగేలా ఉండమని అడగండి. పెద్ద కోరికేం కాదు.

ఇంతా చేసి వచ్చిన ఫలితాన్ని ఎలా చూడాలి? ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి ఆధారం జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతం. మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసి, ఏ రకానికి ఏ పని నప్పుతుందో చూస్తారు. పద్ధతి మంచిదే. కానీ పిల్ల తను చూసిన పనుల గురించే ఇష్టమో కాదో చెప్పగలదు. చూడనిదాన్ని ఎలా ఇష్టపడుతుంది? రామతీర్థం పిల్ల చూసిన పనులు పొలం, దుకాణం, గుడిలో అర్చకత్వం, బడి, జూట్‌మిల్లు, శివరాత్రి జాతరలో బందోబస్తుకొచ్చే పోలీసులు. యాప్ ఇందులోంచే ఏరి ఇస్తుంది.

ఈ లోటు తీర్చేది మీరే. నెల్లిమర్ల మిమ్స్ ఆస్పత్రికి ఎలాగూ వెళ్తుంటారు. అక్కడ డాక్టరూ నర్సులే కాదు, రక్తం పరీక్ష చేసే టెక్నీషియన్ని, ఎక్స్‌రే తీసే అతన్ని, కాలికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుని చూపించండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఇక ఇంటి ముందున్న గురుభక్తులకొండ సంగతి. 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఆ కొండ మీద తవ్వించి బౌద్ధుల స్తూపాలు, విహారాలు బయటపెట్టాడు. ఇటుక చూసి కాలం చెప్పడం, శాసనం చదవడం, కట్టడం కూలకుండా కాపాడటం, వచ్చిన వాళ్లకు కథ చెప్పడం, ఇవన్నీ జీతాలొచ్చే ఉద్యోగాలే. మనకేమో అది మేకలు తోలుకెళ్లే కొండ. పురావస్తు శాస్త్రం అన్న మాట యాప్‌లో వస్తే పక్కన ఈజిప్టు పిరమిడ్ బొమ్మ ఉంటుంది. గురుభక్తులకొండ ఫోటో పెట్టించండి.

ఆడపిల్లల విషయంలో ఒక్కమాట. ఫలితం చూడగానే "అంత దూరమా?" అనకండి. హాస్టల్ ఉందా, ఏ బస్సు వెళ్తుంది, ఫీజు తిరిగొస్తుందా అని అడగండి. యాప్‌లో ఇవి లేకపోతే ఎందుకు లేవని కట్టినవాళ్లను నిలదీయండి.

నిలదీయడానికి చోటు ఉంది. 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిటిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జులై 10న మళ్లీ పెట్టారు. అక్కడికెళ్లి మార్కుల కాగితం అందుకుని వచ్చేయకుండా, కెరీర్ యాప్‌ను పిల్లల చేతిలో పెట్టి చూపించమని అడగండి. చూపు, వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లలతోనే మొదట నొక్కించమనండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడే మరమ్మతు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే భవిత కేంద్రం టీచర్‌ను కూడా పిలవమనండి, ఆ పిల్లల సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ పని పదోతరగతి దాకా ఆగకూడదు. ఎనిమిదిలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి చేయించి రెండు ఫలితాలూ పిల్ల చేతే రాయించండి. రెండూ వేరువేరుగా వస్తే ఎందుకో తననే చెప్పనివ్వండి.

కాగితాల పని మాత్రం మీదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతానికి తగ్గకుండా పోస్టులు కేటాయించాలి. పరీక్షలో రాసిపెట్టే మనిషికీ, అదనపు సమయానికీ సర్టిఫికెట్ అడుగుతారు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ ముందే తీసుకుని, పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పంపేలోగా సర్టిఫికెట్ హెడ్మాస్టర్ బల్ల మీద ఉండేలా చూసుకోండి. మీ వాడు రైలు నడుపుతానని యాప్‌లో నొక్కి ఉంటే, ఏ వైకల్యమూ లేకపోయినా సరే, కంటి డాక్టర్ దగ్గర రంగుల చూపు పరీక్ష ఇప్పుడే చేయించండి. అన్ని రాతపరీక్షలూ పాసై, రైల్వే మెడికల్‌లో ఆ సంగతి మొదటిసారి తెలుసుకుని వెనక్కి వచ్చే కుర్రాళ్లున్నారు.