తొలకరికి ముందే పొట్టేలును మార్చండి

నాలుగు వానలు పడి పచ్చిక లేస్తే గొర్రెలు ఎదకొస్తాయి. వాటిని దాటే పొట్టేలు ఎక్కడిదో ఇప్పుడే చూసుకోవాలి. సొంత మందలో ఏపుగా పెరిగిన పోతుపిల్లనే విత్తనానికి ఉంచుకోవడం చాలామంది కాపరులకు అలవాటు. డబ్బు మిగిలే మాట నిజమే. కానీ అది దాటేది తన తల్లిని, అక్కచెల్లెళ్లనే.

తెలంగాణలో 2017లో మొదలైన పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అలాంటి మందలో చూలు కట్టి పుట్టిన పిల్లలన్నిటికీ తండ్రి ఒక్కటే. ఆడపిల్లలు ఏడాది లోపే ఎదకొస్తాయి. పొట్టేలు అక్కడే ఉంటే కూతుళ్లనే దాటుతుంది. అలా పుట్టిన పిల్లలో సగటున నూటికి 25 వంతుల జన్యువులు జతలో రెండూ ఒకే నకలుగా ఉంటాయి. రోగక్రిములను గుర్తుపట్టే జన్యువులకూ ఇదే గతి. వాటిలో వైవిధ్యం తగ్గితే తట్టుకునే రోగాలూ తగ్గుతాయి.

స్కాట్లాండ్‌లోని సెయింట్ కిల్డా దీవుల్లో సోయ్ జాతి గొర్రెలు మనిషి పెంపకం లేకుండా బతుకుతాయి. వాటిలో దగ్గరి సంబంధానికి పుట్టినవాటికి నట్టలు ఎక్కువనీ, చలికాలంలో అవే ఎక్కువగా చచ్చాయనీ 1999లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నట్టల మందు పట్టినవాటిలో మాత్రం ఆ తేడా కనబడలేదు. మనకు నట్టల బెడద వానాకాలంలోనే ఎక్కువ. ఏటా మందు పట్టిస్తున్నా మంద కోలుకోవడం లేదంటే, మందుతో పాటు పొట్టేలునూ అనుమానించాలి.

ఊరట ఏమిటంటే, మందతో ఏ చుట్టరికమూ లేని పొట్టేలును తెస్తే ఒక్క ఈతతోనే ఆ దోషం పోతుంది. కొనే స్తోమత లేకపోతే పక్క ఊరి కాపరితో మార్చుకోండి. అయితే ఆ రెండు మందలూ ఒకే చోట నుంచి వచ్చినవి కాకుండా చూసుకోవాలి. పాతికా ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. కూతుళ్లు ఎదకొచ్చేలోగా దాన్ని మార్చేయండి. పోతుపిల్లలను నాలుగైదు నెలలకే వేరుచేయండి.

చిటుకు రోగం, పారుడు రోగం టీకాలు మాత్రం యథాప్రకారం వేయించాల్సిందే; పొట్టేలు మార్పు వాటికి బదులు కాదు.

కొత్త పొట్టేలు రోగం మోసుకురాకూడదు. గొర్రెలు ఈసుకుపోయే బ్రూసెల్లా లేదని పశువైద్యుడితో పరీక్ష చేయించండి. మూడు వారాలు విడిగా కట్టేశాకే మందలో వదలాలి. అందుకే బేరం ఈ నెలలోనే తేల్చుకోండి.