ట్యూలిప్‌కి పెట్టే డబ్బు లిల్లీ గడ్డల మీద పెట్టండి

ఫోన్‌లో కాశ్మీర్ తోటల వీడియోలు చూసి, మన పెరట్లోనూ ట్యూలిప్‌లు వేస్తే నాలుగు డబ్బులొస్తాయా అని శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉద్యోగస్తులు అడుగుతున్నారు. పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, బడిపంతుళ్లు, జూట్ మిల్లు కార్మికులు, జీతానికి తోడు ఇంకో ఆదాయం ఉంటే బాగుండుననుకునే ఎవరైనా అడగదగ్గ ప్రశ్నే ఇది. జవాబు మాత్రం ఒకటే: రావు. పూల మీద డబ్బు సంపాదించాలంటే మన నేల, మన పండగలు, మీ డ్యూటీ టైము, ఈ మూడింటికీ కుదిరే పువ్వు వేయాలి. ట్యూలిప్ ఈ మూడింట్లో ఒక్కదానికీ కుదరదు.

ట్యూలిప్ మధ్య ఆసియా కొండల మొక్క. దాని గడ్డ లోపలి మొగ్గ కాడ సాగాలంటే ముందు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. ఆ చలి లేకపోతే ఆకులు వస్తాయి, పువ్వు మట్టి దగ్గరే ఇరుక్కుని ఎండిపోతుంది. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా చలి 15, 16 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. లంబసింగిలో పొద్దున గడ్డి మీద మంచు పేరుకున్నా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. అంత చలి అక్కడా నెలల తరబడి నిలవదు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన 2007లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక ట్యూలిప్ తోట చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అక్కడ శీతాకాలమంతా గడ్డలు చల్లటి మట్టిలోనే ఉంటాయి. ఢిల్లీలో శాంతిపథ్ వెంట ఫిబ్రవరిలో పూసేవి ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచి చల్లబరిచి తెప్పించిన గడ్డలు. అంత ఖర్చు పెట్టగలిగింది మునిసిపాలిటీ కాబట్టి, పూలమ్మి బతకాల్సిన పని దానికి లేదు కాబట్టి.

ఆన్‌లైన్‌లో ట్యూలిప్ విత్తనాలని అమ్మే పొట్లాలు అసలు కొనకండి. విత్తనం నుంచి పువ్వు చూడాలంటే ఐదారేళ్లు పడుతుంది, అదీ చలి దేశంలో. నీలం రంగు ట్యూలిప్ అని బొమ్మ వేసి అమ్మితే అది మోసమే. ముదురు ఊదా ఉంటుంది కానీ నికార్సయిన నీలం ఆ జాతిలో లేదు.

ఇక మీరు హోటల్లోనో కాలేజీలోనో తోటపని చేసేవారైతే, పైఅధికారి ఒక శీతాకాలం ట్యూలిప్‌లు కావాల్సిందేనని పట్టుపట్టవచ్చు. అప్పుడు వాదించకుండా ఇలా చేయండి. ముందే చల్లబరిచిన గడ్డలని రాసి ఉన్నవే డిసెంబరు చివరికి అందేలా తెప్పించండి. చల్లబరచని గడ్డలైతే సెప్టెంబరు చివర్లోనే చిల్లుల కాగితం సంచిలో వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో 12 వారాలు ఉంచాలి. ఆ అరలో అరటి, ఆపిల్ లాంటి పళ్లు ఉండకూడదు. పండేటప్పుడు పళ్లు వదిలే ఇథిలిన్ వాయువు గడ్డలోని మొగ్గని చంపేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రోజే ఇసుక కలిపిన మట్టిలో, మొన పైకి ఉండేలా, జానెడు కుండీకి నాలుగైదు చొప్పున నాటి తూర్పు వైపు వరండాలో పెట్టండి. పొద్దుటి ఎండ చాలు. పూసిన పువ్వు మన వేడికి కొద్ది రోజులే ఉంటుంది, ఆ గడ్డ మరుసటి ఏడాదికి పనికిరాదు. ఈ రెండు మాటలూ ఆర్డరు పెట్టకముందే అధికారికి కాగితం మీద రాసివ్వండి. పూలు వాడిపోయాక మాట మీ మీదకి రాకుండా ఉంటుంది.

డాఫోడిల్‌దీ ఇదే కథ. ఆ జాతిలో పేపర్‌వైట్ అనే తెల్ల గుత్తుల రకానికి మాత్రం చలి అక్కర్లేదు, కుండీలో సరదాకి వేసుకోవచ్చు. అమ్ముకోవడానికి కాదు. దాని గడ్డ అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది, తింటే విషం. వంటింటి దగ్గర పెట్టొద్దు.

గడ్డ నాటి పువ్వు అమ్మాలన్న కోరిక ఉంటే మనకి లిల్లీ ఉంది. కొందరు నేల సంపెంగ అంటారు. పెళ్లి దండలోకీ, గుడికీ, చావు ఇంటికీ వెళ్లే పువ్వు, అందుకే ఏడాది పొడుగునా గిరాకీ ఉంటుంది. దండకి ఒంటి రేకల రకం కావాలి: ప్రజ్వల్, శృంగార్. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలివి. ప్రజ్వల్ మొగ్గ కొస కొంచెం గులాబీ రంగులో ఉండి, తూకానికి బాగా వస్తుంది. సువాసిని, వైభవ్ లాంటి ముద్ద రకాలు కాడతో సహా ఫ్లవర్ వాజుల్లోకి, స్టేజీ అలంకరణకి వెళ్తాయి. పక్కన పెద్ద కల్యాణమండపాలు లేకపోతే వాటి జోలికి పోవద్దు.

గడ్డ ఎంచుకోవడంలోనే సగం పంట ఉంది. తవ్వి నెల రోజులు నీడన ఆరిన గడ్డ, చిన్న ఉసిరికాయంత లావుగా, నొక్కితే గట్టిగా ఉండాలి. అంతకన్నా చిన్నవి మొదటి ఏడాది ఆకులు వేసి ఊరుకుంటాయి. ఒక సెంటు నేలకి వంద కిలోల మాగిన గెత్తం, నాలుగు కిలోల వేపపిండి వేసి కలియదున్నండి. పచ్చి గెత్తం వేస్తే చెద పడుతుంది. జూన్, జూలైలో తొలకరి పడ్డాక అడుగున్నర వెడల్పు ఎత్తు మడులు చేసి, వరసల మధ్య అడుగు, గడ్డల మధ్య ఎనిమిది అంగుళాలు వదిలి, రెండు, మూడు అంగుళాల లోతున నాటాలి. దారులు పోను సెంటుకి సుమారు 500 గడ్డలు పడతాయి. విజయనగరం వైపు ఎర్ర నేలలు దీనికి బాగుంటాయి. వంశధార, నాగావళి పక్క పల్లపు నేలల్లో మాత్రం నీరు నిలిస్తే రెండు రోజుల్లో గడ్డ కుళ్లడం మొదలవుతుంది. ఎత్తు మడి లేకుండా అక్కడ వేయొద్దు.

మూడు, మూడున్నర నెలలకి కాడలు లేస్తాయి. కింది నుంచి పైకి వరసగా మొగ్గలు విచ్చుకుంటాయి కాబట్టి ఒకే కాడ నుంచి చాలా రోజులు కోత వస్తుంది. బాగా ఊరి, ఇంకా విచ్చుకోని మొగ్గనే తెల్లవారుజామున కోసి, ఎనిమిది లోపు కొట్టుకి చేర్చాలి. ఎండెక్కాక కోసిన పువ్వు సాయంత్రానికి గోధుమరంగు తిరుగుతుంది, కొట్టు యజమాని మరుసటి రోజు మీ సంచి విప్పను కూడా విప్పడు. పూయడం అయిపోయిన కాడని మొదట్లోకి కోసేయండి. ఒకసారి వేస్తే రెండు, మూడేళ్లు ఉంచుకోవచ్చు. ఆ తర్వాత దుబ్బు గుబురెక్కి పువ్వు సన్నబడుతుంది. అప్పుడు తవ్వితే చేతికి వచ్చే గడ్డలూ డబ్బే.

బంతి గురించి మాట్లాడాలంటే ముందు తుపాను గురించి మాట్లాడుకోవాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న, పలాస దగ్గర. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర. దసరాకీ, విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి సిరిమానోత్సవానికీ బంతి నిండుగా పూసి నిలబడి ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ధర బాగుంటుంది, కానీ ఒక్క రాత్రి గాలికి తోట మొత్తం పడుకుంటుంది. రైతుకి వేరే పంట ఉంటుంది, తట్టుకుంటాడు. జీతంలోంచి పెట్టుబడి తీసినవాడు తట్టుకోలేడు. అందుకే మొదటిసారి వేసేవాళ్లు దసరా వదిలేసి సంక్రాంతికి వేయమని నా సలహా.

లెక్క తేలికే. బంతికి నారు నెల రోజులు, నాటాక పూతకి ఇంకో రెండు నెలలు, తల తుంచితే మరో పది రోజులు. అక్టోబరు మొదటి వారంలో ట్రేలలో విత్తనం వేయండి. తుపాను హెచ్చరిక వస్తే ట్రేలు వరండాలోకి లాక్కుంటే సరిపోతుంది. నవంబరు మొదట్లో నాటి, మొక్క నిలదొక్కుకున్నాక నడి కొస తుంచితే పక్క కొమ్మలు వేసి, పూల సంఖ్య పెరుగుతుంది. భోగి నాటికి మొదటి పెద్ద కోత వస్తుంది. అదే తోట అరసవల్లి రథసప్తమి దాకా పూస్తూనే ఉంటుంది. బంతి వేర్లు నేలలోని నులిపురుగుల్ని తగ్గిస్తాయి కూడా. కాబట్టి ఈ శీతాకాలం బంతి వేసిన మడిలోనే వచ్చే జూన్‌లో లిల్లీ గడ్డ పెట్టండి.

చామంతి వేసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పగలు కురచైతేనే అది మొగ్గ వేస్తుంది. మడి పక్కనే వీధి లైటు రాత్రంతా వెలుగుతుంటే మొక్క గుబురుగా పెరుగుతుంది కానీ పూత రాదు. ఎరువు తక్కువైందని బస్తాలు కుమ్మరించేవాళ్లు ముందు తలెత్తి ఆ లైటు చూడాలి. మల్లెకి నవంబరు చివర్లో నీళ్లు ఆపి, డిసెంబరులో మోకాలెత్తుకి కత్తిరిస్తే వేసవి పెళ్లిళ్లకి అందుతుంది. అయితే మొగ్గలన్నీ పొద్దు పొడవకముందే కోయాలి, చేతులు చాలా కావాలి. ఉదయం ఆరింటికి బస్సెక్కేవాళ్లకి కనకాంబరం నయం. రోజు విడిచి రోజు కోసినా ఫరవాలేదు, పువ్వు త్వరగా వాడదు.

పెట్టుబడి పెట్టకముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి: తెల్లవారి నాలుగున్నర నుంచి ఏడు దాకా మీ ఇంట్లో ఖాళీగా ఉండే చేతులు ఎవరివి? అత్తగారో, భార్యో కోయాలంటే ముందు వాళ్లని అడిగి, వచ్చినదాంట్లో వాళ్ల వాటా తేల్చండి. ఇంట్లో ఆడవాళ్లకి దండ కట్టడం వస్తే విడిపూలు కిలోల లెక్కన ఇవ్వకుండా మూర లెక్కన అమ్మండి. అదే పువ్వుకి ఎక్కువ డబ్బులొస్తాయి. కొట్టు యజమానితో రేటు, కమిషన్, ఎన్నాళ్లకోసారి డబ్బు, ఇవన్నీ గడ్డ కొనకముందే మాట్లాడుకోవాలి, పూలు పూశాక కాదు.

తెగులు వస్తే పురుగుమందుల కొట్లో అడగకండి, వాళ్లు అమ్మేదే చెబుతారు. శ్రీకాకుళం వాళ్లకి ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఆకో గడ్డో తీసుకెళ్లి చూపించండి. ఊళ్లోని సచివాలయంలో ఉద్యాన సహాయకులు ఉంటే పథకాల సంగతీ అడగండి. మొదటి ఏడాది రెండు సెంట్లకి మించి వేయొద్దు. ఉద్యోగం మానేసే ఆలోచన అయితే అసలే వద్దు, కనీసం లిల్లీ రెండో ఏడాది కోత లెక్క పుస్తకంలో కనబడేదాకా.