బోరింగ్ చేసిన ఇంజను స్టార్ట్ కాకపోతే...

మన హాస్టల్లో చదివి ఐటీఐ, పాలిటెక్నిక్ దారిన వెళ్లి షెడ్లలో చేరినవారు చాలామందే ఉన్నారు. వారికీ, నాలుగు స్ట్రోకుల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుని ఇంజనును మాత్రం ముట్టుకోని మిగతావారికీ ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాము.

డిగ్రీ సెలవుల్లో మేము ఇద్దరం బెజవాడ ఆటోనగర్లో ఒక షెడ్డుకు పనికి వెళ్లేవాళ్లం. ఉయ్యూరు వైపు నుంచి ఒకాయన పెళ్లిళ్లకు అద్దెకు తిప్పే తెల్ల అంబాసిడర్ తెచ్చారు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా పెళ్లికొడుకులకు దాని మీద మోజు పోలేదు. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఆయిలు తాగి పొగ వదులుతోంది. బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి బిగించాము. మూడో రోజు ముహూర్తానికి కారు బుక్కయి ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మధ్యమధ్యలో కార్బరేటర్లోంచి ఢామ్మని పేలుడు!

"మళ్లీ హెడ్డు విప్పండి" అన్నారు ఒకరు. హెడ్డు విప్పితే కొత్త గ్యాస్కెట్ దండగ, ఒక రోజు దండగ, ఆ కూలీ ఎవరు భరించాలని గొడవ. ఆ గొడవ చివరికి వచ్చి పడేది కుర్రవాళ్ల మీదే.

నడుస్తూ నడుస్తూ ఆగిన ఇంజనులో ఏది అరిగిందో వెతకాలి. ఇప్పుడే బిగించిన ఇంజనులో మాత్రం మన చెయ్యి ఎక్కడెక్కడ పడిందో వెతకాలి. ముందుగా సెల్ఫ్ అదేపనిగా కొట్టకూడదు. ఒకసారికి 10 సెకన్లు దాటించకుండా మధ్యలో విరామం ఇవ్వాలి. లేకపోతే మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, కొత్త రింగులు పొడిగా రాసుకుంటాయి.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ బిగించామో లేదో చూడాలి. అది మర్చిపోతే కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. ట్యాపెట్లకు గ్యాప్ లేకపోతే వాల్వులు పూర్తిగా మూసుకోవు, కంప్రెషన్ రాదు. ప్లగ్గు విప్పితే తడిగా ఉందంటే పెట్రోలు అందుతున్నట్టే. ప్లగ్గును ఇంజను బాడీకి ఆనించి చూస్తే నిప్పురవ్వ కనపడాలి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కాబట్టి దాన్ని వాటికి దూరంగా పట్టుకోవాలి. మా కారులో ఇవన్నీ బాగానే ఉన్నాయి.

ఇక మిగిలింది రవ్వ ఎప్పుడు వస్తోందన్నది. 1876లో జర్మనీలో నికోలస్ ఆటో నడిపించిన ఇంజను దగ్గర్నుంచీ లెక్క ఒకటే. నాలుగు స్ట్రోకులకు క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్యామ్‌తో. అంటే ఒకటో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో, ఒకసారి పొగ బయటికి పోయేటప్పుడు. పుల్లీ మీది గుర్తు రెండుసార్లూ కలుస్తుంది! పరీక్షలో ఈ లెక్క రాసి మార్కులు తెచ్చుకున్న మేము షెడ్డులో ఆ గుర్తును మాత్రమే నమ్మి డిస్ట్రిబ్యూటర్ దించాము.

మేస్త్రి గారు వచ్చి ఒక్కటే అడిగారు: "బొటనవేలు పెట్టి చూశారా అబ్బాయిలూ?"

ఒకటో ప్లగ్గు విప్పి, రంధ్రం మీద వేలు గట్టిగా నొక్కి, హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పాలి. గాలి వేలిని నెట్టేస్తూ గుర్తు కలిస్తే అదే కంప్రెషన్. రాకర్ కవరు తీసినా తెలుస్తుంది. అప్పుడు ఒకటో సిలిండరు రాకర్లు రెండూ కాస్త వదులుగా ఆడతాయి, నాలుగో సిలిండరులో ఒక వాల్వు మూసుకుంటూ మరొకటి తెరుచుకుంటూ ఉంటుంది. ఆ స్థితిలో రోటరు ఒకటో వైరు వైపు చూడాలి. మాది నాలుగో వైరు వైపు చూస్తోంది. రవ్వ సరిగ్గా ఒక చుట్టు తేడాతో వస్తోందన్నమాట. ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే వేళకు రవ్వ పడితే మంట కార్బరేటర్లోకి ఎగదన్నక ఏం చేస్తుంది?

ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ అడుగు పళ్లు మధ్యకు కాక ఒక పక్కకు ఉంటాయి, ఒకే వైపుగా కూర్చుంటుంది. అందుకే తప్పు జరగదనుకున్నాము. కానీ దాని కింద ఉండే డ్రైవ్ షాఫ్టు తిరగబడి కూర్చోగలదు.

మేస్త్రి గారు ఏమీ విప్పలేదు. ఇంజను వరుస 1-3-4-2, రోటరు గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. కాబట్టి క్యాపులో ఒకటికి ఎదురు నాలుగు, మూడుకు ఎదురు రెండు. ఆ రెండు జతల వైర్లను అటూ ఇటూ మార్చారు. రెండో సెల్ఫ్‌కు ఇంజను అందుకుంది! ఆయిల్ ప్రెషర్ వస్తోందని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాము.

అలాగే పంపేయవచ్చు కదా అన్నాము. రేపు ఇంకో మెకానిక్ పుస్తకం చూసి వైర్లు 'సరిచేస్తే' మళ్లీ ఆగుతుందన్నారాయన. ఇంజను చల్లారాక డ్రైవ్ షాఫ్టు తీసి మాచేతే సరిగా పెట్టించారు. వైర్లు మామూలు వరుసలోకి మార్చి, ఒక్కోదానికీ నంబరు రాసిన టేపు ముక్క అంటించాము. రాత్రి తొమ్మిదింటికి కారు ఉయ్యూరు బయల్దేరింది.