కానరాని గొలుసు

హైదరాబాదునకు పడమట, వాడి పోవు రైలు మార్గమున శంకర్‌పల్లి కలదు. ఆ ప్రాంతమున కూరగాయలు పండించు ఒక రైతునకు పాత బుల్లెట్టు మోటారుసైకిలు ఉండెను. అది తండ్రి కొనినది. అతని రాకపోకలన్నియు దానిమీదనే. ఒకనాడు చేవెళ్ల దారిన పోవుచుండగా బండి ఎడమప్రక్క నుండి గలగలమని చప్పుడు వినవచ్చెను. వెనుక చక్రపు గొలుసు వదులైనదని తలచి అతడు దానిని బిగించెను. చప్పుడు మానలేదు. మరునాడు కుమారుని వెంటబెట్టుకొని మేస్త్రి కడకు పోయెను.

మేస్త్రి చెవియొగ్గి విని, "అయ్యా, నొప్పి ఒకచోట, మందు మరొకచోట! ఈ బండికి గొలుసులు రెండు. మీరు బిగించినది కనబడునది. మొరపెట్టుచున్నది కనబడనిది" అనెను.

ఇంజనులో పుట్టిన బలము తిన్నగా చక్రమునకు చేరదు. మొదట ఒక గొలుసు దానిని క్లచ్చికి అందించును. దీనినే ప్రైమరీ చైను అందురు. క్లచ్చిని, గేరుపెట్టెను దాటిన పిదప రెండవ గొలుసు చక్రమును త్రిప్పును. ఇంజను వైపు పళ్ళచక్రము చిన్నది, క్లచ్చి వైపుది పెద్దది; కావున ఇచ్చట వేగము తగ్గి, త్రిప్పు బలము పెరుగును. బుల్లెట్టులో ఈ గొలుసు రెండు వరుసలది. మూతవేసిన పెట్టెలో, నూనెలో తడియుచు తిరుగును. ఇట్టి రోలరు గొలుసును 1880లో హాన్స్ రెనోల్డ్ అను స్విస్ దేశస్థుడు ఇంగ్లండులోని మాంచెస్టరున రూపొందించెను. 1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్టులను మన దేశమున తయారుచేసెను.

మేస్త్రి నూనె తీసి, మూత విప్పెను. గొలుసు వ్రేలాడుచుండెను.

"మామా, ఇనుము సాగునా?" అని బాలుడు అడిగెను.

"ఇనుము సాగలేదు, బిడ్డా. ప్రతి కీలులోను పిన్నును, బుష్షును అరుగును. ఒక్కొక్క కీలు అరుగుదల వెంట్రుకవాసియే. అన్నియు కలిసినచో గొలుసు పొడవగును."

రైతు, "పంట డబ్బు ఇంకను చేతికి రాలేదు. ఈసారికి బిగించి పంపుము" అనెను.

"బిగించు మర కడకు వచ్చినది, ఇక తిరుగదు. పళ్ళు చూడుడు, కొడవలి మొనవలె వంగినవి. వీనిపై క్రొత్త గొలుసు వేసినను త్వరలోనే చెడును. పాతది దారిలో తెగినచో పెట్టెలో చిక్కుకొని బండిని హఠాత్తుగా ఆపవచ్చును. మీ వెనుక కూర్చుండువాడు ఈ పిల్లవాడే గదా!"

రైతు కుమారుని వైపు చూచి కొంతసేపు ఊరకుండెను. పిదప, "గొలుసుతోబాటు పళ్ళచక్రములను కూడ మార్చుము" అనెను.

మేస్త్రి క్రొత్త గొలుసు అమర్చెను గాని గట్టిగా బిగించలేదు. ఆగియున్న ఇంజనును కొంచెము కొంచెముగా త్రిప్పుచు, నిలిపిన ప్రతిసారి గొలుసును ఒత్తి చూచెను. అన్నిటికంటె బిగువుగా నున్న చోట సుమారు 6 మిల్లీమీటర్ల ఆట ఉండునట్లు సరిచేసెను. ఇంజను వేడెక్కినపుడు గొలుసు బిగియును. ఆట లేనిచో బేరింగులు పాడగును. ఆట మితిమీరినచో గొలుసు పెట్టెను కొట్టుకొనును. క్లచ్చియు ఆ నూనెలోనే ఉండుటచే తగని నూనె పోసిన అది జారును. కావున తగిన నూనెను, గుర్తు మరవరకే పోసెను. మూత నట్టును అతిగా బిగించలేదు. మూత వంగినచో నూనె కారి గొలుసు ఎండిపోవును.

2020లో వచ్చిన మీటియర్ 350 బండిలో ఈ గొలుసునకు బదులు పళ్ళచక్రములే అమర్చిరి. అయినను గొలుసు గల పాత బండ్లు మన బాటలపై ఇంకను తిరుగుచున్నవి.

మరునాటి వేకువను రైతు బండి చప్పుడు లేక సాగెను. నాటినుండి బాలుడు ప్రతి ఆదివారము బండి క్రింద నేలను పరికించుచుండెను. ఒక్క నూనె చుక్క కనబడినను తండ్రిని బండి ఎక్కనిచ్చెడివాడు కాడు.