క్లిక్కు ఖరీదు - గాజుల లెక్క

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి)

నీళ్ళు పెట్టే ముందు గట్టు చూసుకోవాలని మా నాయన అంటుంటాడు. గట్టుకు గండి ఉంటే మోటారు ఎంతసేపు నడిచినా మడి తడవదు. ఈ మాట విలువ నాకు పొలంలో కాదు, లాల్‌దర్వాజాలో తెలిసివచ్చింది.

మా అక్కా బావా సింహవాహిని మహంకాళి గుడికి దగ్గరలో ఉంటారు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కు పేరు తెచ్చిన లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్క వాటిని తెచ్చి ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముతుంది. "తమ్మీ, చదువుకున్నోనివి, ఆ యాడ్లు నువ్వే పెట్టు" అన్నది. నాయన పత్తి అమ్మిన డబ్బులోంచి పదివేలు పంపాడు.

రోజుకు రూ.800 చొప్పున పది రోజులు ప్రకటనలు నడిపాను. 1,000 క్లిక్కులు వచ్చాయి. అమ్ముడైనవి 11 సెట్లు. ఖర్చు రూ.8,000, దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపి రూ.9,440. సెట్టుకు మిగిలేది రూ.180 గనుక చేతికొచ్చింది రూ.1,980. నష్టం రూ.7,460! తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే. ఆ తప్పును మిత్రుల ముందు లెక్కతో సహా పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేలంపాట తీరు

క్లిక్కుకు ఇంత అని పాడే పద్ధతిని 1998లో అమెరికాలో గోటూ డాట్ కామ్ వాడుకలోకి తెచ్చింది. గూగుల్ 2000లో ప్రకటనల పథకం మొదలుపెట్టి, 2002లో క్లిక్కుల వేలానికి మారింది. ఎవరైనా ఏదైనా వెతికినప్పుడల్లా క్షణంలో వేలం జరిగిపోతుంది.

మార్కెట్ యార్డులో ఎక్కువ పాడినవాడిదే సరుకు. ఇక్కడ అంతే కాదు. ఇతర అంశాలు కొన్ని ఉన్నా, స్థూలంగా చెప్పాలంటే పాటను ప్రకటన నాణ్యతతో గుణిస్తారు. పోటీదారు పాట రూ.6, నాణ్యత 5 అనుకుందాం, లబ్ధం 30. మన పాట రూ.4, నాణ్యత 10 అయితే లబ్ధం 40. మనదే పై స్థానం. పైగా మనం చెల్లించేది 30ని 10తో భాగిస్తే వచ్చే రూ.3 కన్నా రవ్వంత ఎక్కువ మాత్రమే. అనగా నాణ్యత పెరిగితే ఖర్చు తగ్గుతుంది.

గండి ఎక్కడ?

జనం ఏ మాటలు వెతికి మా దుకాణానికి వచ్చారో ఆ పట్టిక తెరిచి చూశాను. "బంగారు గాజుల డిజైన్లు", "గాజుల ఫోటోలు", "లాల్‌దర్వాజా బోనాలు ఎప్పుడు" - 600 క్లిక్కులు ఇలాంటివే! 'బ్రాడ్ మ్యాచ్' పెట్టి వదిలేసిన ఫలితం అది. కొన్నవాళ్ళంతా మిగిలిన 400లోనే ఉన్నారు. బంగారం, ఫోటోలు, ఎప్పుడు వంటి మాటలను 'నెగెటివ్ కీవర్డ్స్'లో చేర్చాను. ఆ మాటలతో వెతికితే ఇక మా ప్రకటన కనబడదు.

రెండో గండి అక్క పట్టింది. "సైజు రాయకుంటే గాజులెవరు కొంటర్రా?" అన్నది. నిజమే! 2-4, 2-6, 2-8 సైజులు పేజీలో పెట్టాం.

ముందే వేయవలసిన లెక్క

ఎంత పాడాలన్నది పోటీదారును చూసి కాదు, మన మిగులును చూసి నిర్ణయించాలి. ఒక అమ్మకంపై మిగులును, క్లిక్కుల్లో కొనేవారి నిష్పత్తితో గుణించాలి. 180 × 11/400 = రూ.4.95. పన్ను కూడా ఇందులోనే ఇమడాలి గనుక 1.18తో భాగిస్తే రూ.4.19. అది దాటితే ప్రతి క్లిక్కూ నష్టమే. నేను సగటున రూ.8 పోశాను!

అయితే 11 అమ్మకాలు చిన్న నమూనా. లాబ్‌లో ఒక్క రీడింగు తీసుకుని గ్రాఫు గీయము కదా! అందుకే లెక్కను మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. రోజువారీ బడ్జెట్ అంటే ఆ రోజుకు హద్దు అని నేననుకున్నాను. ఒక్కోరోజు దానికి రెండింతలదాకా ఖర్చు కావచ్చు. నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు మించదు.

రెండో విడత

మిగిలిన రూ.560కి అక్క రూ.1,210 కలిపింది. క్లిక్కుకు రూ.4 హద్దుగా, రోజుకు రూ.60 చొప్పున 25 రోజులు నడిపాం. 400 క్లిక్కులు, 12 సెట్లు. రాబడి రూ.2,160, పన్నుతో ఖర్చు రూ.1,770. మిగులు రూ.390.

ఇది గొప్ప లాభమేమీ కాదు. మొత్తం మీద ఇంకా రూ.7,070 నష్టంలోనే ఉన్నాం. ఇంట్లో పచ్చళ్ళు, చీరలు అమ్ముకునే అమ్మలకూ అక్కలకూ ఈ ప్రకటనలు పెట్టి ఇచ్చేది మనలాంటి విద్యార్థులమే. వాళ్ళ డబ్బు ముట్టుకునే ముందు కాగితం మీద ఈ ఒక్క భాగాహారం చేద్దాం. నేను చేసి ఉంటే మా నాయన పత్తి డబ్బు నిలిచేది.