డాట్‌ను జరపవచ్చు, పోగొట్టలేం



మా అమ్మ మూడో తరగతితో బడి మానేసింది. ఆమె కుట్టు మిషన్ తొక్కిన డబ్బుకు ఈ హాస్టల్ అన్నం తోడై నేను ఎం.ఎస్సీ. గణితం దాకా వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. అయితే ఇంటర్ సెలవుల్లో నేను చేసిన ఒక తప్పుతో ఈ పాఠం మొదలుపెడతాను.

మా వీధిలో ఉండే అత్తయ్య ఒకరు పెళ్ళికని పట్టు జాకెట్ గుడ్డ తెచ్చారు. ఛాతీ కింద వచ్చే జరీ బుటా డాట్‌లోకి పోకూడదని, డాట్ భుజం నుంచి రావాలని చెప్పారు. అమ్మ ఊళ్ళో లేదు. నేనే ఆది జాకెట్ కొలిచాను. కింది డాట్ వెడల్పు 1½ అంగుళం. దాన్ని కింద తీసేసి, భుజం దగ్గర అదే 1½ అంగుళం పెట్టి కత్తిరించాను. తొడిగి చూస్తే ఛాతీ దగ్గర పట్టేసింది, ముందు అంచు పైకి లేచింది. అమ్మ వచ్చి జాకెట్ తిరగేసి చూసి ఒక్క మాటే అంది: "పొడుగు పెరిగినప్పుడు వెడల్పు పెరగొద్దటే?" కొత్త గుడ్డ మా డబ్బుతోనే కొనిచ్చాం. అమ్మ ఎన్నో రోజుల కూలి దానికే పోయింది.

డాట్ అంటే ఏమిటి?

గుడ్డ చదునుగా ఉంటుంది, ఒళ్ళు చదునుగా ఉండదు. గుండ్రటి కాగితం ఒకటి తీసుకోండి. అంచు నుంచి కేంద్రం దాకా ఒక త్రికోణపు ముక్క కత్తిరించి తీసేసి, రెండు అంచులూ కలపండి. కాగితం గరాటులా లేస్తుంది. డాట్ చేసే పని ఇదే. కాగితం కేంద్రం లాంటిదే జాకెట్‌లో డాట్ పాయింట్, అంటే ఛాతీ ఎత్తుగా ఉండే చోటు. ముక్కను ఏ వైపు నుంచి తీసినా గరాటు ఒకేలా వస్తుంది. ముక్క కోణం పెద్దదైతే గరాటు కోసుగా, చిన్నదైతే చదునుగా వస్తుంది.

మారనిది కోణం

డాట్ పాయింట్ నుంచి నడుము పట్టీ దాకా 5 అంగుళాలు, అక్కడ డాట్ వెడల్పు 1½ అంగుళం అనుకుందాం. పాయింట్ దగ్గర కోణం సుమారు 17 డిగ్రీలు. పాయింట్ నుంచి భుజానికి 10 అంగుళాలు ఉంటే దూరం రెండింతలు అయింది. కోణం మారకూడదు కాబట్టి వెడల్పు కూడా రెండింతలై 3 అంగుళాలు కావాలి. నేను 1½ దగ్గరే ఆగాను. అంటే కోణాన్ని సగం చేశాను. జాకెట్ అందుకే పట్టేసింది.

కాగితం మీద జరిపే పద్ధతి

1. ముందు భాగాన్ని కుట్టు మార్జిన్ లేకుండా పాత న్యూస్ పేపర్ మీద గీయండి. డాట్ గీతలు రెండూ సరిగ్గా పాయింట్ దగ్గర కలవాలి.
2. డాట్ ఎక్కడికి రావాలో అక్కడి నుంచి పాయింట్ దాకా గీత గీయండి.
3. ఆ గీతను, పాత డాట్ ఒక గీతను పాయింట్ దాకా కత్తిరించండి. పాయింట్ దగ్గర నూలుపోగంత అంటి ఉండాలి.
4. పాత డాట్‌ను మూసి అతికించండి. కొత్త చోట కాగితం దానంతట అదే విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్నదే కొత్త డాట్. టేపు కూడా అక్కర్లేదు.
5. కింద వేరే కాగితం అతికించి, డాట్‌ను మడిచిపెట్టి అంచు కత్తిరించండి. కుట్టాక అంచులు సరిపోతాయి. తర్వాత మార్జిన్ కలపండి.

కుట్టేటప్పుడు మాత్రం డాట్ కొసను పాయింట్‌కు అర నుంచి ఒక అంగుళం ఇవతలే ఆపాలి. లేకపోతే మొన తేలి కనిపిస్తుంది.

డాట్‌ను విడగొట్టవచ్చు కూడా. 17 డిగ్రీలను నడుము దగ్గర 8, సైడ్‌లో 5, చంక వైపు 4గా పంచితే మూడు డాట్ల జాకెట్ అవుతుంది. భుజం డాట్‌నూ నడుము డాట్‌నూ ఒకే కుట్టుగా కలిపితే ప్రిన్సెస్ కట్. డాట్ అక్కడ కనబడదు, కానీ కోణం ఆ కుట్టులోనే ఉంటుంది.

ఆది జాకెట్ బిగుతైతే

వెంటనే సైడ్ కుట్లు విప్పకండి. ముందు ముడతలు చూడండి. అవి ఛాతీ నుంచి చంక వైపు లాగుతూ, ముందు అంచు పైకి లేస్తే కోణం చాలలేదని అర్థం. సైడ్ విప్పితే నడుము వదులవుతుంది గానీ ఆ ముడతలు పోవు. కాగితం మీద నడుము డాట్ నుంచి పాయింట్ మీదుగా చంక దాకా కత్తిరించి, చంక దగ్గర మాత్రం అంటి ఉంచి, విడదీయండి. ఛాతీ మొత్తానికి ఒక అంగుళం కావాలంటే పాయింట్ దగ్గర ఒక్కో వైపు అర అంగుళం విడదీస్తే చాలు. నడుము దగ్గర ఎక్కువగా విచ్చుకున్నది డాట్‌లో కలిసిపోతుంది. అలా కోణం పెరుగుతుంది. ముందు పొడవు చాలకపోతే సైడ్ నుంచి పాయింట్ దాకా కూడా కత్తిరించి విడదీయాలి.

పదో తరగతిలో సరూప త్రిభుజాల లెక్కలకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. అవే త్రిభుజాలు పట్టుగుడ్డ మీద ఎదురైతే పోల్చుకోలేకపోయాను. అమ్మకు ఆ పేరు తెలియదు, పని తెలుసు. చెల్లెళ్ళారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నల చేతిపనిలో ఏ పాఠం దాగి ఉందో అడిగి చూడండి. ఈలోగా ఒక పాత పేపరు, కత్తెర తీసుకుని ఈ డాట్ జరిపి చూడండి. కాగితం పాడైతే పైసా పోదు. గుడ్డ పాడైతే ఏం పోతుందో నాకు తెలుసు.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (గణితం)