చర్మము తీరు తెలిసికొందము

మన చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల కూరగాయల మళ్ళలో, పూలతోటలలో పనిచేయు వారి చర్మము నిత్యము ఎండకు, మట్టికి, పురుగుమందులకు గురియగుచుండును. కాని అందరి చర్మము ఒకే తీరున ఉండదు. కొందరిది పొడిబారి పగులును; కొందరిది జిడ్డుగా నుండును. పొడి చర్మము గలవారు స్నానమైన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకమునుపే కొబ్బరినూనె రాసుకొనవలెను. జిడ్డు చర్మము గలవారు ముఖమును దినమునకు రెండుసార్లు కడుగుకొనిన చాలును, గట్టిగా రుద్దరాదు. పురుగుమందు చల్లినవారు వెంటనే సబ్బుతో స్నానము చేసి, బట్టలు మార్చుకొనవలెను.

అయితే పాలిపోయిన మచ్చగాని, ఎర్రని మచ్చగాని ఏర్పడి, అచ్చట స్పర్శ తెలియకున్నచో అది చర్మపు తీరు కాదు, కుష్ఠువ్యాధి కావచ్చును. నొప్పి లేదని ఉపేక్షించినచో నరములు చెడి చేతులు, కాళ్ళు వంకరపోవును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మందులు ఉచితముగా లభించును. వ్యాధి రకమును బట్టి వానిని 6 లేక 12 నెలలు విడువక వాడిన పూర్తిగా నయమగును.

2017 నుండి గాంధీజీ వర్ధంతియగు జనవరి 30న గ్రామసభలలో ఈ విషయము చర్చింపబడుచున్నది. మచ్చ గలవారిని వెలిగా చూడక, మొదటి దినములలోనే ఆసుపత్రికి తోడ్కొనిపోవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.